గుండీలు పెట్టుకోలేని ఏడేళ్ల పిల్లవాడు: ఒంగోలు తల్లి ప్రశ్నకు నా అనుభవం

ఒంగోలు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఏడేళ్ల కొడుకు మాటల్లో, లెక్కల్లో చురుకైనవాడే అయినా చొక్కా గుండీలు పెట్టుకోలేడు, చదునైన నేల మీద కూడా తట్టుకొని పడతాడు, అన్నం తింటే కంచం చుట్టూ మెతుకులే ఉంటాయి. పిల్లల వైద్యుడు చూసి డిస్‌ప్రాక్సియా అని రాశారు. అత్తగారింట్లో అందరూ పెద్దయితే వాడే సర్దుకుంటాడని అంటున్నారు. ఇది నయమవుతుందా, ఇంట్లో రోజూ జరిగే రభస ఎట్లా తగ్గుతుంది, రెండో బిడ్డకు అన్యాయం చేస్తున్నామా, వచ్చే నెల కందుకూరులో జరిగే మరిది పెళ్లిలో వాడిని బంతిలో కూర్చోబెట్టవచ్చా అని ఆమె అడిగారు.

మాది కావలి. మా అబ్బాయికి ఇప్పుడు పదమూడేళ్లు, ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. వాడి ఏడో ఏట మాకూ ఇదే పేరు చెప్పారు. వాడికంటే నాలుగేళ్లు పెద్దదైన అమ్మాయి ఉంది. మా వారు అల్లూరు వైపు రొయ్యల గుంటలు చూసుకుంటారు కాబట్టి తెల్లవారుజామున నాలుగున్నరకే వెళ్లిపోతారు. నేను బ్యాంకులో గుమాస్తాను, తొమ్మిదిన్నరకల్లా కౌంటరు దగ్గర ఉండి తీరాలి. ఈ వివరాలన్నీ ఎందుకంటే, మా ఇంట్లో జరిగిన రభసకు పిల్లవాడి చేతులు ఎంత కారణమో మా తొందర కూడా అంతే కారణమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే.

ముందుగా ఆ పేరు సంగతి. వైద్యులు దీనిని డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ అంటారు, కాగితాల మీద డీసీడీ అని కనిపిస్తుంది. 1994లో కెనడాలోని లండన్ నగరంలో నిపుణులు సమావేశమై ఈ పేరు వాడాలని ఒప్పుకున్నారు. అంతకుముందు వైద్యుల రాతల్లో కూడా ఇటువంటి పిల్లలను మొద్దు పిల్లలు అనే అర్థం వచ్చే మాటతోనే పిలిచేవారట. అది చదివిన రోజు నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే మా బంధువుల నోట ఏళ్ల తరబడి విన్న మాట కూడా అదే. నిజానికి వీళ్ల కండరాల్లో బలం లేక కాదు, తెలివి తక్కువై కూడా కాదు. ఒక పనిని ఏ వరుసలో, ఎంత బలంతో, ఏ వేలితో చేయాలో మెదడు లెక్కవేసి ఒంటికి అందించడం మనలో మనకు తెలియకుండానే జరిగిపోతుంది, వీళ్లలో అది అంత సాఫీగా జరగదు. 5 నుంచి 11 ఏళ్ల లోపు పిల్లల్లో నూటికి 5, 6 మందికి ఇది ఉంటుందని వైద్యుల అంచనా, అంటే నలభై మంది కూర్చునే తరగతి గదిలో ఇద్దరు ఉంటారన్న మాట. సాధారణంగా ఐదేళ్లు నిండకముందు దీనిని ఖాయం చేయరు. చూపు, నరాలు, తెలివితేటలు పరీక్షించి వాటిలో లోపం కారణం కాదని తేల్చుకున్నాకే ఈ పేరు రాస్తారు. మీకు ఈ పరీక్షలన్నీ చేయకుండానే రాసి ఉంటే, ఒకసారి చేయించుకోండి. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ కూడా చాలామందిలో దీనితో కలిసి వస్తుంది కాబట్టి అదీ అడిగి తెలుసుకోవడం మంచిది.

మా వాడు ఎనిమిదో నెలలోనే పుట్టాడు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుందని తర్వాత తెలిసింది. కానీ అప్పట్లో మా అత్తమ్మ మాత్రం నేను గ్రహణంనాడు కత్తిపీట ముట్టుకోవడమే కారణమని నమ్మారు. ఆమెది చెడ్డ మనసు కాదు, మనవడి మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, అయినా ఆ మాట నాలో రెండేళ్లు ముల్లులా ఉండిపోయింది. మీ ఇంట్లో కూడా ఎవరైనా కారణం మీ మీదికి నెట్టుతుంటే దానిని మోయవద్దు. గ్రహణంనాడు ఏది ముట్టుకున్నా దానివల్ల ఇది రాదు.

నయమవుతుందా అని అడిగారు. దీనికి మందు లేదు. టానిక్కులు, నాలుక మీద రాసే పసర్లు, జ్ఞాపకశక్తి మాత్రలు మేమూ కొన్నాళ్లు వాడాం, వాటివల్ల ఏమీ మారలేదు. చాలామందిలో ఇది పెద్దయ్యాక కూడా ఉంటుంది. అయితే ఒకసారి నేర్చుకున్న పని మళ్లీ పోదు, ఈ ఊరటను మాత్రం గట్టిగా పట్టుకోండి. మా వాడికి గుండీలు వచ్చాక గుండీల బాధ పోయింది, ఆరో తరగతిలో జామెట్రీ పెట్టె చేతికి వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. కాబట్టి ‘పెద్దయితే సర్దుకుంటాడు’ అనే మాటలో సగమే నిజం. నేర్పితే సర్దుకుంటాడు, అదీ ఏ పనికి ఆ పని విడిగా నేర్పితేనే.

ఇక రోజువారీ రభస. మా వీధి చివరికి బడి బస్సు ఏడు యాభైకి వచ్చేది. ఆరున్నర నుంచి ఏడు యాభై దాకా మా ఇంట్లో నేను అరవని రోజు లేదు. వాడు చొక్కా తొడుక్కొని నిలబడేవాడు. గుండీని కాజాలోకి దూర్చబోతుంటే పట్టు జారేది, జారిన వేలు మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చొక్కా అంచు వెంబడి తడుముకునేది, మూడోసారికి నుదుట చెమట పట్టేది. అంతలో నేను వాడి చేతిని పక్కకు నెట్టి, పావు నిమిషంలో ఐదు గుండీలూ పెట్టేసి, బూట్లు తొడిగి, ఉప్మా నోట్లో కుక్కి, సంచీ తగిలించి వీధిలోకి లాక్కుపోయేదాన్ని. బస్సు అందినందుకు సంతోషించేదాన్నే తప్ప, రోజూ ఆ చేతిని నెట్టడంవల్ల వాడికి ఏం అర్థమవుతోందో ఆలోచించలేదు.

వాడికి ఎనిమిదో ఏడు నడుస్తుండగా ఒకనాడు నాకు విపరీతమైన జ్వరం వచ్చి లేవలేకపోయాను. అమ్మాయి ఒక్కతే బడికి వెళ్లిపోయింది. తొమ్మిది గంటలకు కళ్లు తెరిచి చూస్తే, వాడు మంచం పక్కన నేల మీద, చొక్కా రెండు చేతులకూ తొడుక్కొని, గుండీలన్నీ విప్పి ఉండగానే, ఒళ్లో చేతులు పెట్టుకొని కూర్చున్నాడు. ఎందుకు పెట్టుకోలేదురా అని అడిగితే, “నువ్వు లేసినాక ఏస్తావు గదమ్మా” అన్నాడు. వాడి ముఖంలో దిగులు గానీ ఏడుపు గానీ లేదు. ఆ పని తనది కాదని వాడు నిర్ణయించుకున్నాడు, ఆ నిర్ణయం చేయించింది నేను.

ఆ తర్వాతే మేము ఆక్యుపేషనల్ థెరపీని, అంటే రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే చికిత్సను, మనసు పెట్టి పట్టించుకున్నాం. అప్పటిదాకా ఆ థెరపీ అంటే బంతి మీద పడుకోబెట్టడం, ఊయల ఊపడం అనుకొని వారానికి రెండుసార్లు తీసుకెళ్లి దించి వచ్చేవాళ్లం. కొత్తగా చూసిన థెరపిస్టు మొదటి రోజే మమ్మల్ని ఒక మాట అడిగారు: “ఈ మూడు నెలల్లో వీడు ఏ ఒక్క పని చేయగలగాలని మీ కోరిక?” మేము పది చెప్పాం. ఆమె మమ్మల్ని పక్కన పెట్టి వాడిని అడిగారు. వాడు, పెళ్లిళ్లలో అందరి మాదిరిగా చేత్తో అన్నం తినాలని ఉంది అన్నాడు. మా ఇద్దరికీ ఆ కోరిక సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు.

2019లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఈ పద్ధతినే సమర్థిస్తున్నాయి. సాధారణ వ్యాయామాలతో చేతులు బాగుపడితే పనులు వాటంతట అవే వస్తాయని ఎదురుచూడకుండా, పిల్లవాడికి కావలసిన పనినే నేరుగా నేర్పాలి. కెనడాలో రూపొందిన ఒక పద్ధతిలో నాలుగు మెట్లు ఉంటాయి: లక్ష్యం పెట్టుకోవడం, పథకం వేయడం, చేయడం, సరిచూసుకోవడం. అందులో ఆయువుపట్టు ఏమిటంటే, పథకాన్ని మనం చెప్పకూడదు, పిల్లవాడే తన మాటల్లో చెప్పాలి.

థెరపిస్టు వాడిని అక్క ఎదురుగా కూర్చోబెట్టి, అక్క చేయి ఏం చేస్తోందో చూసి చెప్పమన్నారు. మనం ముద్ద ఎట్లా చేస్తామో మనకే తెలియదు. నాలుగు వేళ్లూ కలిసి కంచం అంచు దగ్గరికి మెతుకులను పోగు చేస్తాయి, కొద్దిగా నొక్కుతాయి, వేళ్లు వంగి దోనెలా అవుతాయి, నోటి దగ్గరికి వచ్చాక బొటనవేలు వెనుక నుంచి తోస్తుంది. మా వాడు తన వేళ్లన్నిటినీ ఒకేసారి ముడిచి అన్నాన్ని పిడికిలిలో పట్టుకునేవాడు కాబట్టి సగం సందుల్లోంచి జారిపోయేది. రెండు రోజులు అక్క చేతినే చూసి వాడు నాలుగు మాటలు తయారు చేసుకున్నాడు: కుప్ప, ఒడ్డు, పడవ, తోపు. ప్రతి ముద్దకూ ఆ నాలుగు మాటలూ గొణుక్కుంటూ తినేవాడు. మెతుకులు పడితే మేము ఏమీ అనకుండా చూసేవాళ్లం, ‘పడవలో ఎక్కువ పెట్టినా’ అని వాడే తప్పు కనుక్కునేవాడు. మొదట పప్పన్నం, ఎందుకంటే అది అంటుకొని ఉంటుంది. తర్వాత పెరుగన్నం. చారన్నానికి మాత్రం చాలా కాలం పట్టింది. మొత్తం మీద ఐదు వారాలకు వాడు ఒక పూట భోజనం తన చేత్తో ముగించాడు. ఆ రోజు మా వారు గుంటల దగ్గర నుంచి ఫోన్‌లో వాడితోనే ఆ నాలుగు మాటలూ చెప్పించుకున్నారు.

చేయి అలసిన రోజుల కోసం చెంచా కూడా ఉంచాం. స్టీలు చెంచా కాడ సన్నగా ఉండి వాడి పట్టులో తిరిగిపోతుంది. మన ఉదయగిరిలో చేసే కొయ్య చెంచాల్లో లావు కాడ ఉన్నది ఒకటి ఎంచి తెచ్చాం, అది పట్టుకు బాగా కుదిరింది. దూరదేశాల నుంచి తెప్పించే ప్రత్యేక చెంచాలకు వేలు పోయనక్కర్లేదు.

గుండీల విషయంలో మేము చేసిన మార్పు చాలా చిన్నది. పొద్దున నేర్పడం పూర్తిగా మానేశాం. పొద్దున నేనే పెట్టేదాన్ని, చిట్టచివరి గుండీ ఒక్కటి మాత్రం వాడికి వదిలేసేదాన్ని. అది వచ్చాక చివరి రెండు, తర్వాత మూడు. కొత్తది నేర్పడం ఆదివారం సాయంత్రాలే, అదీ నాన్న పాత చొక్కాను ఒళ్లో పరచుకొని, పెద్ద గుండీలతో. మా వీధి దర్జీ బడి చొక్కా కాజాలను కొద్దిగా పెద్దవి చేసి ఇచ్చారు. లేసుల బూట్లకు బదులు అతికించే పట్టీల బూట్లు కొన్నాం. స్నానం రాత్రికి మార్చాం. ఉప్మా మాని ఇడ్లీ, దోసె చేశాను, ఎందుకంటే అవి చేతికి పట్టు ఇస్తాయి. రాత్రి స్నానం చేసి పొద్దున చేయకుండా బడికి పోవడం మా అత్తమ్మకు నచ్చలేదు, కొంతకాలం ఆ గొడవ నడిచింది. కానీ పొద్దుటి పూట ఇంట్లో అరుపులు ఆగిపోవడం ఆమే గమనించి ఆ మాట ఎత్తడం మానేశారు. తొందర తగ్గిన ఇంట్లో వాడి తడబాటు కూడా తగ్గింది. గాభరాపడితే వాడి చేతులు ఇంకా బిగుసుకుపోతాయి.

బడిలో వాడి చేతిరాత పెద్ద సమస్యగా ఉండేది. మన అక్షరాలన్నీ గుండ్రనివి, వాటికి తలకట్లు, గుడులు, కొమ్ములు, కింద వొత్తులు. ‘లక్ష్మి’ అనే ఒక్క మాట రాయడానికి చేయి ఎన్నిసార్లు ఆగి, లేచి, దిగాలో ఒకసారి నెమ్మదిగా రాసి చూడండి. వాడు పెన్సిలును ఎంత ఒత్తేవాడంటే కాగితం చిరిగేది, తలకట్టు అక్షరానికి అంటకుండా గాలిలో తేలేది. అప్పటి ఉపాధ్యాయురాలు బద్ధకమని రాసి పంపితే, నేనూ నమ్మి ఒక్కో పాఠం పదేసిసార్లు రాయించాను. ఆ తప్పు మీరు చేయవద్దు. మరుసటి ఏడు వచ్చిన మాస్టారికి వైద్యుని కాగితం చూపించి, జవాబుల్లో సగం నోటితో చెప్పనివ్వమని, ఇంటి పని తగ్గించమని, ముందు బెంచీలో పాదాలు నేలకు ఆనేలా కూర్చోబెట్టమని అడిగాం. ఆయన ఒప్పుకున్నారు. సాయంత్రానికి వాడు మిగతా పిల్లలకంటే బాగా అలసిపోతాడని కూడా ఆయనకు చెప్పాం, మనకు అలవాటైపోయిన పనులన్నీ వాడు రోజంతా ఆలోచించి ఆలోచించి చేయాల్సి ఉంటుంది కదా.

మా వారి సంగతి కూడా చెప్పాలి. మగపిల్లాడు క్రికెట్ ఆడాలని ఆయన ఆశ. బంతి పట్టలేక మైదానంలో అందరూ నవ్విన రోజు ఆయన వాడిని ఇంటికి తీసుకొచ్చేసి, తర్వాత ఏడాది పాటు ఎక్కడికీ వెంట తీసుకెళ్లలేదు. మేము ఇద్దరం ఎక్కువగా పోట్లాడుకున్నది ఆ ఏడాదే. వాడి పదో ఏట వేసవిలో ఆయన తనంతట తానే ఒక పాత చిన్న సైకిలు తెచ్చి, పెడళ్లు విప్పేసి, సీటు దించి, గుంటల దగ్గర కొద్దిగా వాలుగా ఉండే మట్టి బాట మీద కాళ్లతో నెట్టుకుంటూ పోవడం నేర్పారు. ముందు నిలదొక్కుకోవడం, తర్వాతే తొక్కడం. పెడళ్లు మళ్లీ బిగించడానికి నెలన్నర పట్టింది. ఇప్పుడు వాడు ట్యూషనుకు సైకిలు మీదే వెళ్తాడు, అయితే పెద్ద రోడ్డు మాత్రం దాటనివ్వం. తండ్రికి ఒక పనిని పూర్తిగా అప్పగించండి, పక్కన నిలబడి సరిదిద్దవద్దు. మా ఇంట్లో తండ్రీ కొడుకులు మళ్లీ దగ్గరైంది అక్కడే.

రెండో బిడ్డ గురించి మీరు అడిగినందుకు సంతోషించాను, ఎందుకంటే మాకు ఆ ఆలోచన రాలేదు, మా అమ్మాయే చెప్పాల్సి వచ్చింది. వాడు మొదటిసారి ఐదు గుండీలూ పెట్టుకున్న రోజు ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టాం, మా అత్తమ్మ దిష్టి తీశారు. ఆ రాత్రి అమ్మాయి నా పక్కన పడుకొని, “నేను రెండో తరగతిలోనే నా జడ నేనే ఏసుకున్నా. ఒక్కరన్నా చూశారా మా?” అంది. నేను నిజంగానే చూడలేదు. ఆ రోజుల్లో నా చేతులు, కళ్లు రెండూ వాడి మీదే ఉండేవి. బడిలో వాడి బూట్లు చూడడం, వాడి డబ్బా మూత తీయడం, ఎవరైనా ఎగతాళి చేస్తే అడ్డుపడడం అన్నీ ఆ పిల్ల మీదే వేశాం, అదీ దానికి పదకొండు, పన్నెండేళ్ల వయసులో. మరునాడే బడిలో తమ్ముడి పని ఏదీ నీది కాదని చెప్పి, మూత సులువుగా వచ్చే డబ్బా కొన్నాం. ఆదివారం పొద్దుట రెండు గంటలు దానివే. మైపాడు సముద్రానికి నేనూ అదీ ఒకసారి విడిగా వెళ్లి వచ్చాం. తమ్ముడికి ఉన్న ఇబ్బంది ఏమిటో దాని వయసుకు తగ్గట్టు పూర్తిగా చెప్పాం, అంతవరకూ అది, వాడు కావాలని చేస్తున్నాడనే అనుకుంటూ ఉందట. మీ రెండో బిడ్డ చిన్నదైతే చెప్పే మాటలు మారతాయి కానీ చెప్పడం మానకండి.

ప్రభుత్వం తరఫున ఉన్న సాయం కూడా వాడుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో నిర్దిష్ట అభ్యసన వైకల్యాల నిర్వచనంలో డిస్‌ప్రాక్సియా అనే మాట స్పష్టంగా ఉంది. పాఠశాలతో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క వాక్యం మాకు ఎంతో ఉపయోగపడింది. మండలాల్లో ఇటువంటి పిల్లల కోసం ఉండే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలను పరీక్షించి, అవసరమైతే జిల్లా స్థాయి చికిత్సా కేంద్రానికి పంపుతారు. నెల్లూరులో కేంద్ర ప్రభుత్వానికి చెందిన దివ్యాంగుల మిశ్రమ ప్రాంతీయ కేంద్రం ఉంది, సీఆర్‌సీ అని అడిగితే చెబుతారు. ఒంగోలు నుంచి రైలులో పొద్దున వచ్చి సాయంత్రానికి తిరిగి వెళ్లవచ్చు. ఏడాదికి సరిపడా డబ్బు ముందే కట్టించుకొని, పూర్తిగా పోగొడతామని మాట ఇచ్చే చోట్లకు మాత్రం వెళ్లవద్దు.

ఇక మీ మరిది పెళ్లి. వాడిని తప్పకుండా బంతిలో కూర్చోబెట్టండి, అయితే ఇంకా నెల ఉంది కాబట్టి ఇప్పటి నుంచే రోజూ రాత్రి ఇంట్లో అరిటాకు వేసి పెట్టండి. కంచానికి అంచు ఉంటుంది, ఆకుకు ఉండదు, మొదటిసారి పెళ్లిలోనే ఆకు చూస్తే ఏ పిల్లవాడైనా తికమకపడతాడు. బల్లల బంతి అయితే కుర్చీ మీద ఒక దిండు వేసి మోచేతులు బల్లకు అందేలా చూడండి. వరుసలో చివరి చోటు, కుడి చేతి పక్క ఎవరూ లేని వైపు, వాడికి ఇవ్వండి. చారు, పాయసం గిన్నెలో పోయమని వడ్డించేవాళ్లకు ముందే చెప్పి, రెండు గిన్నెలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. నీళ్లు ఎత్తి పోసుకొని తాగమని ఎవరైనా అంటే, వాడు సీసాతో తాగుతాడని మీరే చెప్పేయండి, వాడిచేత చెప్పించవద్దు. చొక్కా మీద పడితే మార్చడానికి ఇంకొకటి సంచిలో ఉంచుకోండి, అది అక్కడ ఉందని వాడికి కూడా తెలియాలి. మీరు పక్కన కూర్చొని మీ అన్నం మీరు తినండి, వాడి ఆకు వైపు చూడకండి.